ఇన్‌చార్జి రోగి

నాకు పక్షవాతం ఉద్యోగరీత్యా వచ్చింది. ఆర్డరు కాపీ నా దగ్గరుంది.

నా పేరు గంధం వీరభద్రం. కోనలంక ఏరియా ఆసుపత్రి రికార్డుల సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా మంచం పట్టలేదు. బీపీ లేదు, షుగరు లేదు. ఆ రెండూ వచ్చేంత పని నేనెప్పుడూ నెత్తిన వేసుకోలేదని మా ఆవిడ సత్యవేణి అంటుంది, ఆవిడ మాట నేను కాదనను.

సంగతేమిటంటే, మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చినవాడికి నాలుగున్నర గంటల్లోపు ఒక ఇంజక్షను పడితే గడ్డ కరిగి మనిషి దక్కుతాడట. అయితే ఆ ఇంజక్షను ఎవరికి వెయ్యాలో, ఎవరికి వెయ్యకూడదో చెప్పగల నరాల డాక్టరు మా ఊళ్ళో లేడు. నూట పది కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మధ్యలో రెండు గోదావరి పాయలు, మూడు రైలు గేట్లు. అందుకని మాకో కెమెరా, గోడంత టీవీ ఇచ్చి, ఆ డాక్టరు అక్కడ కూర్చునే ఇక్కడి రోగిని చూసేలా ఏర్పాటు చేశారు. దానికి ‘దృశ్యవారధి’ అని పేరు పెట్టారు. ఇందులో వెర్రితనమేమీ లేదు, బంగారంలాంటి ఆలోచన. బంగారం కదా, జాగ్రత్తగా దాచుకోవాలని పైవాళ్లకి అనిపించింది.

మొదటి వారంలో ముగ్గురు నిజం రోగులొచ్చారు. ఒకాయన కెమెరా స్టాండు మీద వాంతి చేసుకున్నాడు. రెండో ఆయనకి ఎన్నింటికి మొదలైందని అడిగితే, గేదెల్ని విప్పే వేళకండి అని ఆయన భార్య చెప్పింది. ఫారంలో గంటకీ నిమిషానికీ గళ్ళున్నాయి గానీ గేదెలకి లేవు. మూడో ఆయనతో పదకొండు మంది చుట్టాలొచ్చి కెమెరా ముందు నిలబడిపోతే, అక్కడి డాక్టరుగారు అరగంటసేపు వీపులకి వైద్యం చేశారు. మా సూపరింటెండెంటు పరాంకుశంగారు ఇదంతా నివేదిక రాసి పంపారు. “వాస్తవ రోగుల ప్రవర్తన పథకం ప్రమాణాలకు అనుగుణంగా లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాను” అన్నది అందులో ముఖ్యమైన వాక్యం. టైపు చేసింది నేనే.

పదిరోజుల్లో పైనుంచి జవాబొచ్చింది. ఒక ప్రామాణిక రోగిని నియమించుకోవాలి. అతనితో వరసగా వంద అభ్యాసాలు తప్పులేకుండా చెయ్యాలి. మధ్యలో ఒక్క తప్పు దొర్లినా మళ్ళీ ఒకటి నుంచి లెక్క. వంద పూర్తయ్యేదాకా నిజమైన రోగిని కెమెరా ముందుకు తేరాదు, యథాప్రకారం అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపాలి.

ప్రామాణిక రోగిగా నన్ను ఎంచుకోవడానికి కారణం నా నాటకాల పిచ్చి. మా ఊరి నాటక సమాజంలో పాతికేళ్లుగా ఉన్నాను. వేషం మాత్రం ఎప్పుడూ రెండో భటుడే. మొదటి భటుడు “చిత్తం మహారాజా” అంటాడు, నేను తల ఊపాలి. మా సమాజానికి దర్శకుడూ, హార్మోనిస్టూ ఒక్కరే, పిల్లా నూకరాజు మాస్టారు. ఆయన నాకన్నా పదేళ్లు పెద్ద. “ఒరే భద్రం, నీ చేతికి ఈటె ఇత్తే ఈటె నటిత్తాది గానీ నువ్వు నటించవురా” అనేవారు. అలాంటి నాకు ప్రధాన పాత్ర, అదీ ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చింది.

“శ్రీ జి. వీరభద్రం తన విధులకు అదనంగా, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, ప్రామాణిక రోగిగా వ్యవహరించవలెను” అని మొదలై, కింద పది నిబంధనలున్నాయి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోవాలి. మూతి కుడివైపుకి ఒకటిన్నర సెంటీమీటరు వంకర పోవాలి. అభ్యాసానికి అరగంట ముందు రోగి ఆసుపత్రి ఆవరణలో నడుస్తూ కనపడకూడదు. రోగి సెలవు పెట్టిన రోజున, సేవకు అంతరాయం కలగకుండా, తత్సమానుడైన మరొకరికి ఇన్‌చార్జి ఇవ్వాలి. ఇది ఏడో నిబంధన.

ఏం చెప్పమంటారు, ఒళ్ళు మర్చిపోయాను. జనవరి నుంచి రోజూ పదకొండింటి అభ్యాసానికి మొహానికి పౌడరు రాసుకుని మంచమెక్కేవాణ్ణి. పరాంకుశంగారు ప్లాస్టిక్ స్కేలు పెట్టి నా మూతి కొలిచేవారు. అవతల టీవీలో డాక్టర్ కౌండిన్యగారు కుర్చీలో వెనక్కి వాలి, పేరడిగేవారు, నెల అడిగేవారు, చేతులు చాపమనేవారు, నవ్వమనేవారు. చివర్లో “ఇంజక్షను ఇవ్వండి” అనేవారు. నర్సు వరండాలో అద్దాల పెట్టెలో ఉన్న ఇంజక్షను సీసా వైపు చూసి “ఇచ్చామండి” అనేది. ప్రారంభోత్సవం నాడు దానికి వేసిన దండ ఇంకా అలాగే ఉంది. నేను లేచి మొహం కడుక్కుని సీటుకి వెళ్ళిపోయేవాణ్ణి.

ముప్పై ఒకటో అభ్యాసంలో ఉత్సాహం ఎక్కువై మూతి రెండు సెంటీమీటర్లు పోయింది. అతినటన అని రాసి లెక్క ఒకటికి దించేశారు. ఆ రోజు నేను ఏడ్చాను. ఆ తర్వాత మరీ జాగ్రత్త పడ్డాను. ఇంట్లో కూడా ఎడమ చెయ్యి కదపడం మానేశాను. ఆ వంకన కూరగాయల సంచీ కూడా సత్యవేణి చేతే మోయించాను. ఆర్నెల్లలో ఒక్క సెలవు పెట్టలేదు. ఉద్యోగం మీద భక్తి అనుకున్నారు అంతా. కాదు, నేను లేని రోజున ఇన్‌చార్జిగా వచ్చినవాడు నాకన్నా బాగా చేస్తాడేమోనని భయం.

ఒకరోజు అంబులెన్సు డ్రైవరు టీ తాగుతూ చెప్పాడు. ఇక్కణ్ణుంచి పక్షవాతం రోగుల్ని తీసుకెళ్తే అక్కడ కౌండిన్యగారి గది బయట గంటల తరబడి కూర్చోబెడుతున్నారట. లోపల ఆయన ఎవర్నో టీవీలో చూస్తున్నారట, తలుపు కొట్టకూడదట. ఆ ఎవర్నో అన్నది నన్నే. ఆ మాట విన్నాక అన్నం సయించలేదని రాసుకుంటే బాగుంటుంది గానీ, తిన్నాను. పెరుగు కూడా వేసుకున్నాను.

జులై నెలలో తొంభై ఏడో అభ్యాసం నాడు రాజధాని నుంచి పరిశీలక సంఘం కూడా టీవీలోకొస్తుందని కబురొచ్చింది. ఇంకో మూడు రోజులు గట్టెక్కితే వంద. పరాంకుశంగారు కొత్త కోటు కుట్టించుకున్నారు. నేను పదిన్నరకే పౌడరు రాసుకుని మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాను.

పావు తక్కువ పదకొండుకి గుమ్మం ముందు ఆటో ఆగింది. స్ట్రెచరు మీద ఎవర్నో తోసుకొస్తున్నారు. పక్కన పరిగెడుతున్న పిల్లని చూసి గుర్తుపట్టాను, నూకరాజు మాస్టారి కూతురు వరహాలు. స్ట్రెచరు మీద మాస్టారు. కుడి చెయ్యి పక్కకి వేలాడుతోంది. నాలుగు ఊళ్ళలో ఆ చెయ్యి హార్మోనియం మీద పడితే జనం మాటలాపేవారు. మూతి ఒక పక్కకి జారి చొంగ కారుతోంది. ఆర్నెల్లుగా నేను పెడుతున్న మూతి ఎంత అబద్ధమో అప్పుడు తెలిసింది.

డ్యూటీ డాక్టరు స్వర్ణకుమారి చిన్నమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నాడి చూసింది, వరహాల్ని రెండు ప్రశ్నలడిగింది, నేరుగా పరాంకుశంగారి దగ్గరికొచ్చింది. వాదన నా మంచం పక్కనే జరిగింది. నేను రోగిని కాబట్టి మాట్లాడకూడదు.

“తొమ్మిదీ పదిహేడుకి మొదలైంది సార్. ఆటోకి ఫోను చేసిన టైము ఆ అమ్మాయి ఫోన్లో ఉంది. ఒంటిగంట ముప్పావు దాటితే ఇంజక్షను వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. అంబులెన్సు వేరే కేసు మీద వెళ్ళింది, పన్నెండైతే గానీ రాదు. ఆయన అక్కడికి చేరేసరికి మూడవుతుంది” అంది.

పరాంకుశంగారు చెడ్డవారు కారు. రోజూ కాకులకి అన్నం పెట్టి గానీ తినరు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, “ఇది మానవతా దృక్పథంతో పరిశీలించవలసిన అంశమే డాక్టర్. కానీ మానవతా దృక్పథానికి నమూనాలో గడి లేదు. తొంభై ఆరు అభ్యాసాలు గంగలో కలుస్తాయి. ప్రామాణిక రోగి తప్ప అన్యులు కెమెరా ముందుకు రాకూడదు” అన్నారు.

స్కాను మిషను మా దగ్గరే ఉంది. ఇంజక్షను వరండాలో దండేసుకుని ఉంది. డాక్టరు పది నిమిషాల్లో గోడ మీదకొస్తాడు. ఇన్నీ ఉండి మాస్టారికి దొరకనిది నేను పడుకున్న మంచం ఒక్కటే. ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి నా జీవితంలో మరొకటి లేదు.

దుప్పటి తీసి లేచాను. రోగి లేవకూడదన్నారు పరాంకుశంగారు. తెల్లకాయితం అడిగాను. నాకు వైద్యం తెలియదు, నటన రాదు. ఇరవై ఆరేళ్లుగా వచ్చింది ఒక్కటే, కాయితం రాయడం. నిలబడే రాసేశాను. ఆర్యా, అత్యవసర గృహకృత్యముల నిమిత్తం నాకీరోజు ఒక దినము సాధారణ సెలవు మంజూరు చేయప్రార్థన. ఉత్తర్వులోని ఏడవ నిబంధన ననుసరించి, ప్రామాణిక రోగి బాధ్యతలను శ్రీ పిల్లా నూకరాజు గారికి ఇన్‌చార్జిగా అప్పగించడమైనది. అప్పగించిన వస్తువులు: మంచం ఒకటి, దుప్పటి ఒకటి, పక్షవాతం ఒకటి.

అప్పగించినవాడి సంతకం నేను పెట్టాను. పుచ్చుకున్నవాడి సంతకం కావాలి కదా, మాస్టారి ఎడమ బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించాను. ఆయన నన్ను గుర్తుపట్టారో లేదో తెలియదు, కళ్ళు మాత్రం నా మొహం మీదే ఉన్నాయి.

పరాంకుశంగారు కాయితం రెండుసార్లు చదివారు. తప్పు పట్టడానికి చూశారు, దొరకలేదు. చివరికి, తత్సమానుడై ఉండాలి కదా, ఈయనకి పక్షవాతంలో అనుభవముందా అని అడిగారు.

“తొమ్మిదీ పదిహేడు నుంచి ఉందండి” అన్నాను.

ఆయన ఆకుపచ్చ సిరాతో ‘అనుమతించడమైనది’ అని రాసి సంతకం పెట్టారు. ఫైలు సరిగ్గా ఉంటే ఆ మనిషికి ప్రపంచంలో ఇంకే బాధా ఉండదు. మాస్టారిని నా మంచం మీదకి మార్చాం. అప్పటికి టీవీ వెలిగింది.

ఒక పక్క పరిశీలక సంఘంవారు ముగ్గురు, ఇంకో పక్క కౌండిన్యగారు యథాప్రకారం వెనక్కి వాలి ఉన్నారు. పేరు చెప్పమన్నారు. మాస్టారి నోట్లోంచి పేరు రాలేదు, ఏదో మూలుగు వచ్చింది. ఈరోజు మాట బాగా తడబడుతోంది, సంతోషం అన్నారు కౌండిన్యగారు. చేతులు చాపమన్నారు. ఎడమ చెయ్యి లేచింది, కుడి చెయ్యి పక్క మీద అలాగే పడి ఉంది. ఆయన మొహం చిట్లించి, ఎడమ కదా పడిపోవాలి, కుడి పడిందేమిటని అడిగారు. సంఘంలో ఒకాయన కలం తీశాడు. పరాంకుశంగారు మంచం కాళ్ళ దగ్గర వంగి, మాట పోయిన మనిషితో గుసగుసగా, “మాస్టారూ, ఎడమదండీ, ఎడమది పడెయ్యండి” అంటున్నారు.

నేను కెమెరా ముందుకెళ్ళి నిలబడ్డాను.

“సార్, నేను వీరభద్రాన్నండి. ఇక్కడున్నాను. మంచం మీదున్నాయన నటించట్లేదండి. ఆయన నిజంగా పడిపోయారు.”

కౌండిన్యగారు కళ్ళజోడు తీసి ముందుకి వంగారు. ఆర్నెల్లలో ఆయన ముందుకి వంగడం అదే మొదలు. గోడంతా ఆయన మొహమే అయింది. అంతవరకూ నేను చూసింది ఇంకో నటుణ్ణని, డాక్టర్ని ఇప్పుడే చూస్తున్నానని అర్థమైంది. ఎన్నింటికి మొదలైంది, బీపీ ఎంత, షుగరెంత, బరువెంత, రక్తం పల్చబడే మందులేమైనా వాడుతున్నారా అని వరసగా అడిగారు. స్వర్ణకుమారి టకటకా చెప్పింది. తల స్కాను తీసి బొమ్మలు పంపమన్నారు. సంఘంలో ఒకాయన, ఇది నమూనాలో ఏ అంశం కిందకొస్తుందని అడగబోతే, “మీరు కాసేపు ఆగండి” అన్నారు.

స్కానులో రక్తం చిమ్మలేదు. గడ్డే. వరహాల చేత ఒప్పుకోలు కాయితం రాయించుకున్నారు. కౌండిన్యగారు “ఇంజక్షను ఇవ్వండి” అన్నారు. రోజూ విన్న మాటే. నర్సు అలవాటు చొప్పున వరండా వైపు చూసి, ఇచ్చామండి అనబోయి నోరు మూసుకుంది.

అద్దాల పెట్టెని ఎవరూ ఎత్తుకుపోకుండా వడ్రంగి చేత నాలుగు వైపులా మేకులు కొట్టించారు. తెరవాలంటే తీర్మానం కావాలని పరాంకుశంగారు అంటూనే ఉన్నారు. నేను స్టూలెత్తి అద్దం మీద వేశాను. ఆ కంగారులో ఎడమ చేత్తోనే ఎత్తానని తర్వాత విచారణలో తేలింది. స్వర్ణకుమారి సీసా మీద తేదీ చూసింది, ఇంకా రెండు నెలల గడువుంది. పావు తక్కువ పన్నెండుకి మాస్టారి నరంలోకి మందు వెళ్ళడం మొదలైంది. ఆ తర్వాత కౌండిన్యగారు టీవీలోంచి కదల్లేదు, పావుగంటకోసారి చెయ్యెత్తమనడం, వేళ్ళు కదపమనడం.

ఒంటిగంట దాటాక చూపుడువేలు కదిలింది. రెండింటికి చెయ్యి మోచేతి దాకా లేచింది. వరహాలు మంచం కోడు పట్టుకుని కింద కూలబడిపోయింది. మాస్టారు నాకేసి చాలాసేపు చూసి, మాట కూడదీసుకుని, “పౌడరు... తుడుచుకోరా” అన్నారు. నేను దుప్పట్ల గదిలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ముప్పై ఒకటో అభ్యాసం నాడు ఏడ్చిన ఏడుపుకీ దీనికీ పోలికే లేదు.

నాలుగోరోజున పరిశీలక సంఘం నివేదిక వచ్చింది. నాలుగు తప్పులు రాశారు. తప్పు చెయ్యి పడిపోయింది. సెలవులో ఉన్న ఉద్యోగి ఆవరణలో కనిపించాడు. ప్రదర్శన సామగ్రిని వాడేశారు. నాలుగోది అన్నిటికన్నా పెద్దదట, దాని కింద రెండు గీతలు గీశారు: “రోగి కోలుకున్నాడు. కోలుకోవడం నమూనాలో లేదు.”

లెక్క మళ్ళీ ఒకటికి దిగింది. పరాంకుశంగారు నన్ను పిలిపించి కూర్చోమన్నారు. కోపంగా లేరు, నిజంగానే బాధపడుతున్నారు.

“వీరభద్రంగారూ, మీరిలా ఒక్కొక్క ప్రాణం కాపాడినప్పుడల్లా వేల ప్రాణాలు కాపాడవలసిన పథకం వెనక్కి పోతోందండి” అన్నారు.

అయినా నామీద చర్య తీసుకోలేకపోయారు. సెలవు సక్రమంగా మంజూరైంది, ఇన్‌చార్జి సక్రమంగా ఇచ్చారు, ఆకుపచ్చ సంతకం ఆయనదే. పైవాళ్లని సలహా అడిగితే, నిబంధన ఏడు అమల్లో ఉన్నంతకాలం ఇన్‌చార్జి రోగిని కెమెరా ముందుకు తేవడానికి అభ్యంతరం లేదని జవాబొచ్చింది. కాబట్టి ఇప్పుడు మా ఆసుపత్రిలో పద్ధతి ఇదీ: నేను డ్యూటీలో ఉంటే అభ్యాసం జరుగుతుంది. నేను సెలవు పెడితే వైద్యం జరుగుతుంది.

నాకు ఏడాదికి పదిహేను సాధారణ సెలవులు. ఆర్నెల్లు ఒక్కటీ వాడలేదన్నాను కదా, పదిహేనూ అలాగే ఉన్నాయి. మొదటిది మాస్టారికి పోయింది. ఆగస్టులో నాలుగు పోయాయి. సెప్టెంబరులో ఒకే వారంలో మూడు. ఇంజక్షను సీసాలు కౌండిన్యగారే అంబులెన్సులో పంపిస్తున్నారు. ఇంట్లో భోజనం చేస్తుంటే స్వర్ణకుమారి ఫోను చేస్తుంది, నేను చెయ్యి కడుక్కుని వెళ్ళి సెలవు చీటీ, అప్పగింత కాయితం రాస్తాను, వేలిముద్ర వేయిస్తాను. అందరూ లేచి నడిచారని చెప్పను. మాస్టారితో కలిపి తొమ్మిది మంది నడిచారు, ముగ్గురు కర్ర సాయంతో తిరుగుతున్నారు. ఇద్దరికి ఆలస్యమైపోయింది, వాళ్ళ పేర్లు నాకు నిద్రలో కూడా గుర్తే. ప్రతిసారీ లెక్క ఒకటికి దిగుతోంది. వంద ఎప్పటికి పూర్తవుతుందో మీరే ఊహించుకోండి.

ఊళ్ళో సంగతి తెలిసిపోయింది. బజారుకెళ్తే కులాసా అడిగేవాడు లేడు, “భద్రంగారూ, ఇంకా ఎన్ని సెలవులున్నాయండి” అని అడుగుతున్నారు. చేపల మార్కెట్లో ముసలాళ్ళు నన్ను చూసి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. మొన్న జ్వరమొచ్చి నూట రెండుంటే, సెలవు వృథా చెయ్యొద్దని సత్యవేణే మాత్ర ఇచ్చి ఆఫీసుకి తోలింది.

అక్టోబరు ఆఖరుకి ఒక్క సెలవు మిగిలింది. అదొక్కటీ ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాను. నాకూ యాభై రెండు దాటాయి, నాకే వస్తే? డ్యూటీలో ఉండగా నా మూతి నిజంగా వంకరపోతే పరాంకుశంగారు స్కేలు పెట్టి కొలిచి, బాగుంది, కానివ్వండి అంటారు. అందుకని సెలవు పుస్తకం బీరువాలో పెట్టి తాళమేశాను. అవును, స్వార్థమే.

నిన్న పొద్దున పదింటికి ఐసు ఫ్యాక్టరీలో మూటలు మోసే ఒకతన్ని ఆటోలో తెచ్చారు. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. పేరు కూడా నాకు తెలియదు. అతని భార్య నా దగ్గరికొచ్చి, “మీరేనంటగండీ ఆయ్, సెలవు పెట్టే బాబుగారు” అని రెండు చేతులూ పట్టుకుంది. బీరువా తాళం తీశాను.

అతను ఈ పొద్దున లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. ఇవాళ నవంబరు ఆరు. కొత్త సెలవులు జనవరి ఒకటిన గానీ రావు. అప్పటిదాకా ఎవరూ పక్షవాతం తెచ్చుకోవద్దని ఊళ్ళో కనపడ్డవాళ్ళందరికీ చెబుతున్నాను. మీకూ చెబుతున్నాను.